ఫోల్డర్ విండోలు మూసిన చోటే మళ్లీ తెరుచుకోవాలంటే

తిరుపతిలో డీటీపీ షాపు నడిపే ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో "శుభలేఖలు" ఫోల్డర్ ఎప్పుడు తెరిచినా ఎడమ పక్కన, "ప్రూఫ్" కుడి పక్క పైన, "స్కాన్" దాని కింద వచ్చేవట. విండోస్ 11 సిస్టమ్ కొన్నాక ఏది తెరిచినా ఒకే చోటికి వస్తోంది, రెండోది దాని మీదే పడుతోంది. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున వచ్చి చూస్తే ఒక్క ఫోల్డరూ తెరిచి ఉండదు. "టిక్ ఎక్కడ పెట్టాలో చెప్పండన్నా" అన్నారు.

సూటిగా చెప్తాను. రీస్టార్ట్ తర్వాత ఫోల్డర్లు వాటంతట అవే తెరుచుకోవడానికి ఒక టిక్ ఉంది. కానీ ప్రతి ఫోల్డరూ తన చోటు తాను గుర్తుపెట్టుకోవడానికి విండోస్ 10, 11లో ఎలాంటి టిక్కూ లేదు. మీ సెట్టింగ్స్‌లో తప్పేమీ లేదు. ఆ వసతి విండోస్ 7 నుంచే పోయింది. దానికి బదులు రెండు దారులున్నాయి: రాత్రి షట్‌డౌన్ బదులు హైబర్నేట్ చేయడం (ఉన్నది ఉన్నట్టు దాచుకుని సిస్టమ్ ఆపడం), లేదా మీటలు నొక్కగానే మూడు ఫోల్డర్లనూ వాటి చోట్లలో కూర్చోబెట్టే చిన్న స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరసగా చేసే ఆదేశాల ఫైల్. మీ పనికి రెండూ కలిపి వాడుకోవడమే మేలు.

ముందు విండోస్ ఏం గుర్తుపెట్టుకుంటుందో, ఏది పెట్టుకోదో తెలియాలి. లేకపోతే దొరికిన టిక్కులన్నీ పెట్టి, తీసి, ఏదీ పనిచేయలేదని విసిగిపోతారు. మామూలుగా జరిగేది అదే.

ఫోల్డర్ లోపలి అమరిక, అంటే ఐకాన్లు ఎంత పెద్దవి, ఏ కాలమ్ ప్రకారం సర్దాలి, గుంపులుగా చూపాలా వద్దా అన్నది ఇప్పటికీ ఒక్కో ఫోల్డర్‌కి విడిగా గుర్తుంటుంది. విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే రిజిస్ట్రీలో దీన్ని దాచేచోటి పేరు "బ్యాగ్స్". హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్ అని వరసగా లోపలికి వెళ్తే కనిపిస్తుంది. పక్కనే "బ్యాగ్ ఎంఆర్‌యూ" అని ఇంకొకటి ఉంటుంది. ఏ ఫోల్డర్‌కి ఏ బ్యాగ్ అన్న పట్టిక అది. మొదట్లో ఎక్స్‌పీ 400 ఫోల్డర్ల వరకే గుర్తుపెట్టుకునేది. ఇప్పుడు ఆ హద్దు 5000. హద్దు దాటితే పాతవి మరిచిపోతుంది. ఏళ్ల తరబడి ఒక్కో కస్టమర్‌కి ఒక్కో ఫోల్డర్ చేసుకుంటూ పోయే డీటీపీ షాపులకు 5000 పెద్ద సంఖ్య కాదు.

విండో సైజు, చోటు అలా కాదు. ఎక్స్‌పీలో ఇవి కూడా ఫోల్డర్‌కి విడిగా ఉండేవి. ఇప్పుడు అన్ని ఫోల్డర్లకూ కలిపి ఒక్కటే లెక్క. చివర ఏ విండో మూశారో దాని సైజూ చోటూ రాసి పెట్టుకుని, తర్వాత ఏ ఫోల్డర్ తెరిచినా అక్కడే చూపిస్తుంది. ఒకటి తెరిచి ఉండగా ఇంకొకటి తెరిస్తే కాస్త పక్కకు జరిపి దాని మీదే పెడుతుంది. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ చోటును రాసి పెట్టేటప్పుడు దాని పేరులోనే స్క్రీన్ రిజల్యూషన్, స్కేల్ (తెర మీద అన్నీ ఎంత పెద్దగా కనిపించాలన్న శాతం) కూడా చేరిపోతాయి. 1920 బై 1080లో గుర్తుపెట్టుకున్నది 1366 బై 768లో పనికిరాదు. ప్రొజెక్టర్ తగిలించినా, స్కేల్ 100 నుంచి 125 శాతానికి మార్చినా విండోస్ దృష్టిలో అది కొత్త స్క్రీన్. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి మారిపోయింది" అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇది.

రీస్టార్ట్ తర్వాత తెరుచుకునే టిక్

విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి ఆప్షన్స్‌కి వెళ్లండి. విండోస్ 10లో వ్యూ మెనూ చివర ఆప్షన్స్ ఉంటుంది. వచ్చిన పెట్టెలో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ జాబితాలో కిందికి దిగితే "రిస్టోర్ ప్రీవియస్ ఫోల్డర్ విండోస్ ఎట్ లాగాన్" కనిపిస్తుంది. టిక్ పెట్టి అప్లై, ఓకే కొట్టండి. అంతే.

షట్‌డౌన్ చేసేటప్పుడు తెరిచి ఉన్న ఫోల్డర్లు లాగిన్ అయ్యాక మళ్లీ వస్తాయి. కానీ ఒక్కోటీ సరిగ్గా పాత చోటే కూర్చుంటుందని దీని మీద భరోసా పెట్టుకోవద్దు. ఫోల్డర్లను గుర్తుచేయడం వరకే ఈ టిక్ పని.

పనిచేయకపోతే కారణాలు మామూలుగా ఇవి. ఫోల్డర్లను ఇంటు గుర్తు నొక్కి మూసేసి షట్‌డౌన్ చేస్తే గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. తెరిచి ఉండగానే షట్‌డౌన్ కొట్టాలి. ఎండాకాలం సాయంత్రం గాలివానకు కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయినా అంతే, ఎందుకంటే ఈ జాబితా రాసేది సక్రమంగా లాగాఫ్ అయ్యేటప్పుడే. ఫోల్డర్ విండోలను చూపించే ప్రోగ్రామ్ అయిన ఎక్స్‌ప్లోరర్‌ను టాస్క్ మేనేజర్‌లో బలవంతంగా ఆపినా రాయదు. పెన్‌డ్రైవ్‌లోవో, పక్క సిస్టమ్‌లోని షేర్డ్ డ్రైవ్‌లోవో ఫోల్డర్లయితే, లాగిన్ అయ్యే క్షణానికి ఆ డ్రైవ్ ఇంకా అందుబాటులోకి రాకపోవచ్చు. అప్పుడు అది ఒక్కటే రాదు, మిగతావి వస్తాయి. బయటి హార్డ్‌డిస్క్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి పి, ఆర్ లాంటి దూరపు అక్షరం కేటాయించండి. ఈరోజు ఇ, రేపు ఎఫ్ అయ్యే బాధ తప్పుతుంది.

విండోస్ 11లో ట్యాబులు వచ్చాక ఒక చిక్కు తోడైంది. మూడు ఫోల్డర్లను ఒకే విండోలో మూడు ట్యాబులుగా తెరిస్తే మూడూ తిరిగి వస్తాయని నమ్మకండి. కంట్రోల్, ఎన్ నొక్కి ఒక్కోటీ వేరే విండోలో తెరవండి. అదే ఆప్షన్స్ పెట్టెలోని జనరల్ ట్యాబ్‌లో, డెస్క్‌టాప్ ఫోల్డర్లను కొత్త ట్యాబ్‌లో తెరవమనే టిక్ కొత్త అప్‌డేట్లలో వచ్చింది. మీ దాంట్లో ఉంటే తీసేయండి.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్ కింద యాప్‌లను మళ్లీ తెరిచే స్విచ్ ఒకటి ఉంది. అది బ్రౌజర్ లాంటి యాప్‌ల కోసం. ఫోల్డర్లకూ దానికీ సంబంధం లేదు.

హైబర్నేట్: అన్నిటికన్నా తేలిక

మీకు కావలసింది పొద్దున వచ్చేసరికి రాత్రి ఉన్నది ఉన్నట్టు ఉండటమైతే, షట్‌డౌన్ మానేసి హైబర్నేట్ చేయండి. మెమరీలో ఉన్నదంతా సి డ్రైవ్‌లో ఒక ఫైల్‌గా రాసుకుని సిస్టమ్ పూర్తిగా ఆగిపోతుంది. గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేయొచ్చు. పొద్దున ఆన్ చేస్తే ఫోల్డర్లు, పేజ్‌మేకర్, సగం చేసిన ఫోటోషాప్ పని, అన్నీ ఎక్కడివక్కడే. స్లీప్‌తో దీన్ని కలపకండి. స్లీప్‌లో కరెంటు తీస్తే అన్నీ పోవచ్చు.

పవర్ మెనూలో హైబర్నేట్ మొదట కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్క పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు నొక్కండి. పైన "ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు" అన్న అర్థంలో ఇంకో లింకు ఉంటుంది. దాన్ని నొక్కితేనే కింద హైబర్నేట్ పక్కన టిక్ పెట్టనిస్తుంది. ఆ వరసే లేకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టండి.

సి డ్రైవ్‌లో చోటు చూసుకోండి. ఆ ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. 8 జీబీ ర్యామ్ అయితే సుమారు 3.2 జీబీ, 16 జీబీ అయితే 6.4. వారానికి ఒకసారి మాత్రం రీస్టార్ట్ చేయండి. నెలల తరబడి రీస్టార్ట్ లేకుండా నడిపితే అప్‌డేట్లు పెండింగ్‌లో పడతాయి, ప్రింటర్ డ్రైవర్ మొండికేస్తుంది. యూపీఎస్ ఉంటే కరెంటు పోయిన ఆ కొద్ది నిమిషాల్లో హైబర్నేట్ కొట్టేయొచ్చు. మామూలు 600 వీఏ యూపీఎస్ దీనికి చాలు, ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించకండి.

పగటి పూట మూయడం కూడా తగ్గించుకోవచ్చు. విండోస్ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది. ఫోల్డర్లు మూడూ ఒక డెస్క్‌టాప్‌లో పరిచి ఉంచి, పేజ్‌మేకర్ రెండో దాంట్లో పెట్టుకోండి. విండోస్ కీ, కంట్రోల్, బాణం మీటతో అటూ ఇటూ మారొచ్చు. మూయకపోతే మరిచిపోయే ప్రసక్తే ఉండదు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడు ఈ అలవాటు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మూసినా సరే, చోటు తప్పకూడదంటే

ఇక అసలు కోరిక. ఎవరో ఇంటు నొక్కి మూసేశారు, లేదా రీస్టార్ట్ అయింది. అయినా "శుభలేఖలు" ఎడమ పక్కనే రావాలి. దీనికి ఆటోహాట్‌కీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. దాన్ని దాని సొంత సైట్ నుంచే దించుకోండి. రెండో వెర్షన్ తీసుకోండి.

స్క్రిప్ట్‌లో ఒక్కో ఫోల్డర్‌కి మూడు వరుసలే. మొదటిది రన్, దాని వెనక ఫోల్డర్ పూర్తి దారి. రెండోది విన్‌వెయిట్, అంటే ఆ టైటిల్ ఉన్న విండో తెర మీదికి వచ్చేదాకా ఆగడం, గడువు 5 సెకన్లు. మూడోది విన్‌మూవ్. దీనికి నాలుగు అంకెలు ఇవ్వాలి: ఎడమ నుంచి ఎంత దూరం, పై నుంచి ఎంత, వెడల్పు, ఎత్తు. చివర టైటిల్. విన్‌వెయిట్ వదిలేస్తే విండో ఇంకా రాకముందే విన్‌మూవ్ నడిచి తప్పు చూపిస్తుంది. సగం మంది ఇక్కడే ఇరుక్కుంటారు. మిగతా సగం పాత ఉదాహరణలు కాపీ చేసి ఇరుక్కుంటారు. మొదటి వెర్షన్‌లో టైటిల్ ముందు, అంకెలు తర్వాత. రెండో వెర్షన్‌లో అంకెలు ముందు, టైటిల్ చివర.

అంకెల దగ్గర ఒక మెలిక ఉంది. విండోస్ 10, 11లో ప్రతి విండోకీ ఎడమ, కుడి, కింద కంటికి కనిపించని అంచు ఉంటుంది. 100 శాతం స్కేల్‌లో అది 7 పిక్సెళ్లు. ఎడమ దూరం సున్నా అని ఇస్తే విండో స్క్రీన్ అంచుకు ఆనకుండా సన్నని సందు వదిలి నిలబడుతుంది. అందుకని మైనస్ 7 ఇవ్వాలి. 1920 బై 1080 స్క్రీన్, 100 శాతం స్కేల్, విండోస్ 11 అనుకుందాం. టాస్క్‌బార్ 48 పిక్సెళ్లు పోగా మిగిలే ఎత్తు 1032. అప్పుడు:

శుభలేఖలు, ఎడమ సగం: మైనస్ 7, 0, 974, 1039.
ప్రూఫ్, కుడి పక్క పైన: 953, 0, 974, 523.
స్కాన్, కుడి పక్క కింద: 953, 516, 974, 523.

విండోస్ 10లో టాస్క్‌బార్ 40 పిక్సెళ్లే కాబట్టి మిగిలే ఎత్తు 1040 అవుతుంది. ఎత్తులు ఆ మేరకు పెంచుకోండి. స్కేల్ 125 శాతమైతే ఈ లెక్కలేవీ కుదరవు, లెక్క వేయనూ అక్కర్లేదు. ఫోల్డర్లను చేత్తోనే మీకు నచ్చినట్టు పరచండి. ఆటోహాట్‌కీతో పాటు వచ్చే విండో స్పై తెరిచి, ఒక్కో ఫోల్డర్ మీద క్లిక్ చేయండి. ఆ విండో నాలుగు అంకెలూ "స్క్రీన్" అన్న వరుసలో కనిపిస్తాయి. కాగితం మీద రాసుకుని స్క్రిప్ట్‌లో వేయడమే.

టైటిల్ దగ్గర రెండు జాగ్రత్తలు. ప్రూఫ్ అన్న మాట పేజ్‌మేకర్ ఫైల్ పేరులోనూ ఉంటే స్క్రిప్ట్ దాన్నే పట్టుకుని పక్కకు లాగేస్తుంది. టైటిల్‌తో పాటు విండో క్లాస్ (అది ఏ రకం విండోనో చెప్పే లోపలి పేరు) కూడా ఇవ్వండి. ఫోల్డర్ విండోల క్లాస్ పేరు కేబినెట్ డబ్ల్యూ క్లాస్, ఖాళీలు లేకుండా. దాని సరైన స్పెల్లింగ్ విండో స్పైలోనే ఉంటుంది, అక్కణ్నించి కాపీ చేసుకోండి. రెండోది, ఒకే పేరున్న ఫోల్డర్లు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక ఆన్‌లైన్ సెంటర్లలో చాలామంది "చిత్తూరు" ఒకటి, "తిరుపతి" ఒకటి చేసి, రెండిట్లోనూ "దరఖాస్తులు" అనే ఫోల్డర్ పెట్టుకున్నారు. రెండు విండోలకూ టైటిల్ ఒకటే, స్క్రిప్ట్‌కి తేడా తెలియదు. ఫోల్డర్ ఆప్షన్స్ వ్యూ ట్యాబ్‌లో "డిస్‌ప్లే ద ఫుల్ పాత్ ఇన్ ద టైటిల్ బార్" టిక్ పెడితే టైటిల్‌లో పూర్తి దారి వస్తుంది, అప్పుడు తేడా పట్టుకోవచ్చు. లేదా పేర్ల ముందు "చి", "తి" అని చేర్చుకోండి, ఇంకా తేలిక.

ఫోల్డర్ పేర్లు తెలుగులో ఉంటే స్క్రిప్ట్‌ను నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 పెట్టండి. మొదటి వెర్షన్ ఆటోహాట్‌కీ వాడుతుంటే "యూటీఎఫ్ 8 విత్ బామ్" కావాలి. లేకపోతే "శుభలేఖలు" అన్నది పిచ్చి గుర్తులుగా మారి ఫోల్డర్ దొరకలేదంటుంది. అను ఫాంట్‌లో టైప్ చేసిన అక్షరాలు ఇక్కడ పనికిరావు, యూనికోడ్ తెలుగే ఉండాలి. ఫోల్డర్ పేరు కూడా యూనికోడ్‌లో పెట్టిందే కదా.

స్క్రిప్ట్ కుదిరాక దాని షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద పెట్టి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో షార్ట్‌కట్ కీ దగ్గర కంట్రోల్, ఆల్ట్‌తో ఒక అక్షరం ఇవ్వండి. ఆ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే ఆ మీటలు పలుకుతాయి, వేరే ఫోల్డర్‌లో దాస్తే పలకవు. ఇక ఎవరు ఏం మూసినా ఆ మూడు మీటలు నొక్కితే అన్నీ తమ చోట్లకు వచ్చేస్తాయి. పొద్దున వాటంతట అవే రావాలంటే విండోస్ కీ, ఆర్ నొక్కి షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చిన ఫోల్డర్‌లో ఇంకో షార్ట్‌కట్ వేయండి. అలా చేస్తే ముందు చెప్పిన రిస్టోర్ టిక్ తీసేయాలి, లేకపోతే ఒక్కో ఫోల్డర్ రెండేసి తెరుచుకోవచ్చు. ఏదైనా ఫోల్డర్ పక్క సిస్టమ్‌లో ఉంటే స్క్రిప్ట్ మొదట్లో స్లీప్ 15000 అని చేర్చండి. అది మిల్లీసెకన్ల లెక్క, అంటే 15 సెకన్లు. నెట్‌వర్క్ కుదురుకునే సమయం అది.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ఫ్యాన్సీజోన్స్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. స్క్రీన్‌ను గళ్లుగా విడగొట్టడానికి అది చాలా బాగుంటుంది. విండోను చివరిసారి ఉన్న గడిలోనే తెరిచే ఆప్షన్ కూడా ఉంది. కానీ అది ప్రోగ్రామ్‌ను చూస్తుంది, ఫోల్డర్‌ను కాదు. మీ మూడు ఫోల్డర్లూ దాని లెక్కలో ఒకటే ఎక్స్‌ప్లోరర్. అందుకే మీ పనికి అది చాలదు.

చెడిపోయినప్పుడు

విండో తెర బయటికి వెళ్లిపోయి, టాస్క్‌బార్‌లో ఉంటుంది కానీ కనిపించకపోతే, దాన్ని టాస్క్‌బార్‌లో ఒకసారి క్లిక్ చేసి ఆల్ట్, స్పేస్ నొక్కండి. తర్వాత ఎం నొక్కి, ఏదో ఒక బాణం మీట ఒకసారి నొక్కి మౌస్ కదిపితే విండో మౌస్‌కి అతుక్కుని వస్తుంది. రెండో మానిటర్ పీకేసినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. రెండు మానిటర్లు ఉంటే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద మానిటర్‌ను బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకునే టిక్ ఉంది, అది పెట్టి ఉంచండి. డిస్‌ప్లే పోర్ట్ వైరుతో నడిచే మానిటర్‌ను దాని బటన్‌తో ఆపితే విండోస్ దాన్ని పీకేసినట్టే లెక్కేసి విండోలన్నీ చెదరగొట్టవచ్చు.

ఐకాన్ సైజులు, వరసలు కూడా నిలవకపోతే బ్యాగ్స్ పాడైనట్టు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో పైన చెప్పిన షెల్ దగ్గరికి వెళ్లి, దాన్ని రైట్ క్లిక్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి ముందు బ్యాకప్ పెట్టుకోండి. ఆ తర్వాతే బ్యాగ్స్, బ్యాగ్ ఎంఆర్‌యూ రెండూ డిలీట్ చేసి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేయండి. అన్ని ఫోల్డర్ల అమరికా మొదటికి వస్తుంది, ఫైళ్లకు ఏమీ కాదు. రిజిస్ట్రీ "శుభ్రం" చేస్తామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వీటిని చెత్తగా లెక్కేసి ఊడ్చేస్తాయి. వారానికోసారి అన్నీ మరిచిపోతోందంటే వాటిని అనుమానించండి. కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో రీస్టార్ట్ కాగానే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అక్కడ ఏం చేసినా నిలవదు, దాన్ని ఆపి సెట్ చేసి మళ్లీ వేయాలి.

మ్యాక్ వాడేవాళ్లకు ఈ బాధ చాలావరకు లేదు, అక్కడ ఫోల్డర్లు చూపించే ఫైండర్ ఇప్పటికీ ఫోల్డర్‌కి విడిగా చోటు రాసుకుంటుంది. లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లయితే దాని ఫోల్డర్ల ప్రోగ్రామ్ డాల్ఫిన్ స్టార్టప్ సెట్టింగ్స్‌లో చివరిసారి ఉన్న ఫోల్డర్లు, ట్యాబులు తెరిచే ఆప్షన్ పెట్టుకోవచ్చు.

మీ సిస్టమ్‌లో స్కేల్ ఎంత శాతమో, మానిటర్ ఒకటా రెండా, ఆ మూడు ఫోల్డర్లూ డి డ్రైవ్‌లో ఉన్నాయా పక్క సిస్టమ్‌లో ఉన్నాయా రాయండి. విండో స్పై చూపించిన అంకెలు కూడా పెడితే మూడు ఫోల్డర్లకూ స్క్రిప్ట్ వరుసలు రాసిస్తాను.